దీపం కింద పడ్డ పెద్ద నీటిపురుగు, నర్సరీ చెరువులో తగ్గుతున్న చేపపిల్లలు

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. అర ఎకరం నర్సరీ చెరువులో, అంటే లేత పిల్లల్ని పెంచే చెరువులో, ఎనిమిది లక్షల రోహు, కట్ల స్పాన్ (గుడ్డులోంచి వచ్చి మూడు రోజులైన చేపపిల్లలు) వదిలారు. అయిదో రోజుకు పిల్లలు పలచబడ్డాయని అనిపించింది. ఆ రాత్రే షెడ్డు దీపం కింద అరచేతిలో సగం ఉన్న గోధుమరంగు పురుగు పడింది. మరునాడు గట్టు పక్కన నీళ్లలో దిగిన మీ అబ్బాయి పాదానికి అలాంటిదే కుట్టింది. అది విషపురుగా, పిల్లల్ని తింటున్నది అదేనా, ఏ మందు కొట్టాలి అని అడిగారు. రెండో ఫొటోలో వీపు నిండా గుడ్లున్న చిన్న పురుగు కూడా దాని పిల్లేనా అన్నారు.

మందు సంగతి తరువాత. ముందు అబ్బాయి పాదం.

ప్రాణభయం లేదు. నొప్పి మాత్రం అబద్ధం కాదు, వాడు ఏడ్చాడంటే ఏడవాల్సిందే. ఈ పురుగుకు నమిలే నోరు లేదు, సూదిలాంటి ముక్కు ఉంది. దాన్ని దిగేసి, మాంసాన్ని కరిగించే లాలాజలాన్ని లోపలికి ఎక్కిస్తుంది. కప్పపిల్ల మీద వాడే సరంజామానే మీ అబ్బాయి పాదం మీద వాడింది. కుట్టిన చోట సబ్బునీళ్లతో బాగా కడిగి, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పెట్టండి. నొప్పి కొన్ని గంటలు, వాపు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. సున్నం, పొగాకు లాంటివి పూయకండి. చెరువు బురద తగిలిన గాయం కాబట్టి టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకుని డాక్టరును అడగండి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాయడం, ఊపిరి ఇబ్బంది కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివి అరుదు, కానీ తేనెటీగ కుట్టినా కొందరికి అలా అవుతుంది కదా.

నన్ను ఇది రెండుసార్లు కుట్టింది. మొదటిసారి వల లాగుతుంటే వేలి కొసన. నొప్పి మోచేతి దాకా పాకింది. ఆ రాత్రి అన్నం ఎడమచేత్తో తిన్నాను. రెండోసారి తప్పు నాదే. గట్టు మీద కాళ్లు ముడుచుకుని, కొయ్యముక్కలా పడి ఉంటే చచ్చిందనుకుని చేతిలోకి తీసుకున్నాను. అది చావలేదు, నటిస్తోంది. ఆపదలో కట్టెలా బిగుసుకుపోవడం దీని అలవాటు. ఒక్కోసారి వెనకనుంచి కంపుకొట్టే ద్రవం కూడా చిమ్ముతుంది. కాబట్టి దీపం కింద చచ్చి పడి ఉన్నట్టు కనిపించినా చేత్తో తీయకండి. చేటతో ఎత్తండి.

ఇక మనిషి ఎవరో చూద్దాం. పైకి బొద్దింకలా ఉంటుంది. మా కూలీల్లో సగం మంది దీన్ని నీటిబొద్దింక అనే అంటారు. అయితే బొద్దింకతో దీనికి చుట్టరికమే లేదు. మంచంలో నల్లి, వరిచేలో పాలుపోసుకునే గింజను పీల్చే కంపునల్లి, ఇవి దీని బంధువులు. నల్లి రక్తం పీలుస్తుంది, కంపునల్లి గింజ పాలు పీలుస్తుంది, ఇది చేపనో కప్పనో లోపలే కరగబెట్టి పీలుస్తుంది. ముక్కు ఒకటే, ఇల్లు వేరు. శాస్త్రం పేరు లెథోసెరస్ ఇండికస్. ఆ పేరు పెట్టి రెండు వందల ఏళ్లయింది, 1825లో. మన దేశం నుంచి ఆగ్నేయాసియా దాకా చెరువుల్లో, వరిమళ్లలో, చిత్తడి నేలల్లో ఉంటుంది. పొడవు ఆరున్నర నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. దక్షిణ అమెరికాలో దీని అన్న ఒకటి పదకొండు, పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మన దగ్గర అది లేదు, సంతోషించండి.

వేట తీరు ఒక్కసారి చూస్తే మరిచిపోరు. తలకిందులుగా నాచు కాడను పట్టుకుని, తోక కొస నీటిపైకి ఆనించి, కొడవళ్లలాంటి ముందుకాళ్లు చాచి కదలకుండా వేలాడుతూ ఉంటుంది. దగ్గరికి వచ్చింది తనకంటే చిన్నదా, పెద్దదా అని చూడదు. కప్పలు, చేపలు, నత్తలు, ఒక్కోసారి చిన్న నీటిపాములు కూడా దీని చేతికి చిక్కుతాయి. జపానులో దీని దగ్గరి బంధువు ఒకటి తాబేలుపిల్లను పట్టుకుని తినడం నమోదైంది. పట్టుకున్నాక కంగారు లేదు. ముక్కు దించి, లోపల కరిగేదాకా ఆగి, తాపీగా పీల్చి, తోలు వదిలేస్తుంది. మీ చెరువులో చర్మం మాత్రమే మిగిలిన, ఒంట్లో ఏమీ లేని కప్ప తేలితే అది దీని పనే అయి ఉండవచ్చు.

ఇన్ని చెప్పాక మీరు అనుకుంటారు, అయితే నా పిల్లల్ని తింటున్నది ఇదేగా అని. కాదు. ముప్పై ఏళ్లకు పైగా కైకలూరు చుట్టుపక్కల చేపపిల్లల పెంపకంలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మీ ఎనిమిది లక్షల స్పాన్ మీద పడ్డ దొంగ వేరే ఉన్నాడు, కంటికి ఆనని వాడు. ఈ పెద్దది పొరపాటున దీపం వెలుగులోకి వచ్చి నేరం నెత్తిన వేసుకుంది.

ఎందుకంటే లెక్క చూడండి. మూడు రోజుల స్పాన్ ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, పోగుదారం ముక్కలాగా. ఏడు సెంటీమీటర్ల పురుగు అలాంటి దాన్ని పట్టుకుని ముక్కు దించడం ఏనుగు ఆవగింజ ఏరుకున్నట్టు. దానికి వేలెడు చేపపిల్ల కావాలి, కప్ప కావాలి. అంటే పిల్లలు వేలెడంత ఫింగర్లింగులయ్యే రేరింగ్ చెరువులో, నర్సరీ తరువాత మార్చే ఆ చెరువులో, ఇది నష్టమే చేస్తుంది. ఇప్పుడు కాదు. దీని పిల్లపురుగుల సంగతి వేరు. అవి గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడే సెంటీమీటరు దగ్గరగా ఉండి, స్పాన్‌ను, తోకకప్పలను తింటాయి. కానీ మీరు నీళ్లు పెట్టి పది పదిహేను రోజులు కూడా కాకుంటే ఆ చెరువులో అవి గుంపులుగా ఉండే అవకాశం తక్కువ.

ఈ మాట నాకు తెలిసింది చదివి కాదు, నష్టపోయి. ఈ పనిలోకి దిగిన కొత్తలో నాకు కూడా మీలాగే పెద్ద పురుగుల మీదే కోపం. ఒక సీజనులో రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని గట్టంతా తిరిగి నలభై దాకా ఏరి చంపాను. వాటిని బకెట్లో వేసి అందరికీ చూపించాను కూడా. పదిహేనో రోజున వల వేస్తే పదిలక్షల స్పాన్‌కు లక్ష ఫ్రై, అంటే కాస్త ఎదిగిన పిల్లలు, కూడా రాలేదు. అప్పుడు మా దగ్గర పనిచేసే పెద్దాయన, మేమంతా బాబాయి అని పిలిచేవాళ్లం, ఏమీ అనకుండా ఇంట్లోంచి తెల్ల ఎనామిల్ పళ్లెం తెచ్చాడు. దోమతెర గుడ్డ కట్టిన చేతివలతో గట్టువారన ఒక్క మూర మేర లాగి, ఆ వచ్చినదాన్ని పళ్లెంలో నీళ్లు పోసి విదిలించాడు. "ఇదిగో బాబూ, మీ పిల్లల్ని తిన్నవాళ్లు" అన్నాడు. పళ్లెం కుతకుత ఉడుకుతున్నట్టుంది. బియ్యపుగింజంత పురుగులు వెల్లకిలా పడి, వెనక కాళ్లను తెడ్లలా ఆడిస్తూ నూటికి పైగా తిరుగుతున్నాయి. వెండిలా మెరుస్తున్నాయి, పొట్ట కింద గాలి పట్టుకుని ఉంటాయి గనక. శాస్త్రంలో అనిసాప్స్ అంటారు. ఒక్కోటి చిన్నదే, కానీ ఒక చెరువులో ఎన్ని వేలుంటాయో ఆలోచించండి. పగలు, రాత్రి పనే అది వాటికి.

మీరూ రేపు ఉదయం అదే చేయండి. ఇంట్లో తెల్ల పళ్లెం లేకపోతే తెల్ల ప్లాస్టిక్ తొట్టి చాలు. చెరువు నాలుగు పక్కలా, ముఖ్యంగా గడ్డి నీటిలోకి వాలిన చోట, చేతివల లాగి పళ్లెంలో పోసి, నీళ్లు తేటపడే దాకా కదలకుండా చూడండి. వెల్లకిలా ఈదేవి కనిపిస్తే అవి నేను చెప్పినవే. కొడవలిలాంటి దవడలు, పొడుగాటి ఒళ్లు ఉండి, పళ్లెం అడుగున తోక ఎత్తి పాకేది కనిపిస్తే అది నీటి పెంకుపురుగు పిల్ల. దాని తల్లి నల్లగా, నిమ్మగింజలా నున్నగా, రెండు మూడు సెంటీమీటర్లు కూడా ఉంటుంది. తల్లి కన్నా పిల్లే దుర్మార్గం, దానికి ఆకలి తీరదు. పుల్లలా సన్నగా ఉండి వెనక పొడుగు తోకగొట్టం ఉన్నది రానాట్రా, కొంచెం వెడల్పుగా ఉంటే నీటితేలు. పేరులో తేలు ఉందని భయపడవద్దు, ఆ తోక కుట్టడానికి కాదు, ఊపిరి పీల్చడానికి. బొద్దుగా, బురదరంగులో, నెమ్మదిగా నడుస్తూ, ఉన్నట్టుండి కింది పెదవిని చెయ్యిలా చాచి పట్టుకునేది తూనీగ పిల్ల. ఇవేవీ లేకుండా పళ్లెమంతా తెల్లటి చుక్కలు ఎగిరెగిరి పడుతుంటే అవి సైక్లాప్స్ కావచ్చు. ఇవి పురుగులు కావు, రొయ్య జాతివి, కానీ ఒంట్లో పస లేని స్పాన్‌ను అంటిపెట్టుకుని చంపుతాయి. పిల్లలు కాస్త ఎదిగాక లెక్క తిరగబడుతుంది, ఈ చుక్కల్నే పిల్లలు తింటాయి.

పళ్లెంలో ఏ దొంగా దొరకకపోతే? అదీ జరుగుతుంది. అప్పుడు పురుగుల్ని వదిలేసి మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవాలి. స్పాన్ సంచుల్ని చెరువు నీళ్ల మీద తేల్చి, సంచిలో నీళ్లు, చెరువు నీళ్లు ఒకే వేడికి వచ్చాకే వదిలారా, లేక తెచ్చిన హడావిడిలో మధ్యాహ్నం ఎండలో గుమ్మరించారా? అలా గుమ్మరిస్తే మొదటి రోజే సగం పోతుంది, అయిదో రోజున మనకు తెలుస్తుంది. ఇంకొక సంగతి, అయిదో రోజుకు స్పాన్ గట్టువారన కాకుండా చెరువు లోపలికి వెళ్లిపోతుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి పలచబడినట్టే ఉంటుంది. తగ్గాయని నిర్ణయించే ముందు చిన్నకన్ను వలతో మధ్యలో ఒకసారి చూడండి. పదిహేను, ఇరవై రోజులకు ఎనిమిది లక్షల్లో మూడు లక్షల ఫ్రై చేతికొచ్చిందంటే మట్టి నర్సరీలో అది చెడ్డ పంట కాదు. సగం దాటితే పండగే.

ఇక మందు. ఇప్పుడు, స్పాన్ నీళ్లలో ఉండగా, ఏదీ కొట్టకండి. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పత్తికి, వరికి కొట్టే మందు డబ్బాల్లో పైరెత్రాయిడ్ జాతివి చాలా ఉంటాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి. మనుషులకు, పశువులకు అంతగా చేటు చేయని మోతాదే చేపకు, రొయ్యకు కాలకూటం. ఒకసారి ఒక మందుల దుకాణం మనిషి నాకు "పురుగులకే, చేపలకు ఏమీ కాదు" అని ఒక సీసా అంటగట్టాడు. సాయంత్రం కొట్టాను. పొద్దున్నే పురుగులూ లేవు, పిల్లలూ లేవు. పిల్లలు తినాల్సిన ఆ తెల్ల చుక్కల్లాంటి జీవాలు కూడా లేవు. చెరువు తేటగా, అద్దంలా ఉంది. ఇంత శుభ్రమైన నష్టం మళ్లీ చూడలేదు. కొన్ని చేపవిత్తన క్షేత్రాల్లో ఆర్గానోఫాస్ఫరస్ అనే రకం పురుగుమందులు అతి తక్కువ మోతాదులో స్పాన్ వదలడానికి ముందు వాడే పద్ధతి ఉంది. కొలత తెలిసినవాళ్లు, నీటి లోతు కొలిచి చేసే పని అది. సీసా మూతతో కొలిచేవాళ్లది కాదు.

ఇప్పటికి మీరు చేయగలిగింది ఇది. గట్టువారన నీళ్లలోకి వాలిన గడ్డి, కలుపు కోసేయండి, ఎందుకంటే వేటాడే పురుగులన్నీ దాన్ని పట్టుకునే వేలాడతాయి, గుడ్లు పెట్టేదీ అక్కడే. ఉదయం ఎండ ఎక్కకముందు, సాయంత్రం చల్లబడ్డాక, గట్టు నాలుగు పక్కలా చేతివలలతో లాగి పురుగుల్ని ఏరండి. వలలో పడిన స్పాన్‌ను పళ్లెంలోంచి తిరిగి చెరువులోకి వదలండి, ఓపిక పని. షెడ్డు దీపం ఆర్పేయండి. ఆర్పలేకపోతే చెరువు వైపు వెలుగు పడకుండా రేకు అడ్డం పెట్టండి.

దీపం సంగతి ఎందుకో చెబుతాను. ఈ పురుగులకు రెక్కలుంటాయి, రాత్రుళ్లు ఒక నీటినుంచి మరో నీటికి ఎగురుతాయి. నీటిమీద పడి తిరిగొచ్చే వెలుగుకు ఒక ప్రత్యేకమైన దిశ ఉంటుంది, దాన్నే పోల్చుకుని నీటిపురుగులు చెరువును కనిపెడతాయి. అందుకే నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచినా, మెరిసే కారు నిలిపినా మోసపోయి దిగుతాయి. దారిలో బలమైన దీపం కనిపిస్తే దాని చుట్టూ తిరిగి కింద పడతాయి. డాలస్‌లో ఉన్న మా మేనకోడలు ఒక వేసవిలో ఫొటో పంపింది, "మామయ్యా, మన బొద్దింకలు ఇక్కడికి కూడా వచ్చాయి, కానీ బాగా బలిశాయి" అని. కారు నిలిపే చోట దీపస్తంభం కింద పడి ఉన్న లెథోసెరస్ అది, అక్కడి జాతిది. అక్కడివాళ్లు దీన్ని దీపాల పురుగు అనీ, కాలివేళ్లు కొరికేది అనీ అంటారట. ఎక్కడైనా దాని గుణం ఒకటే.

ఈ ఎగరడంలోనే మీ తదుపరి పంటకు కిటుకు ఉంది. ఎండిన చెరువులో పురుగు ఉండదు. మీరు నీళ్లు పెట్టిన రోజు సున్నా నుంచి మొదలవుతుంది, ఆ రాత్రినుంచి అవి ఎగిరి వచ్చి చేరుతూ ఉంటాయి. ఎరువు వేసి, పచ్చగా నీళ్లు తయారయ్యేకొద్దీ ఇంకా వస్తాయి. కాబట్టి చెరువును పూర్తిగా ఎండగట్టి, అడుగు నెర్రెలు విచ్చనిచ్చి, సున్నం జల్లి, ఎరువు వేసి, నీళ్లు పెట్టాక స్పాన్ రావడం ఆలస్యమైన ప్రతి రోజూ దొంగలకు ఇచ్చిన గడువే. హేచరీలో, అంటే చేపగుడ్లు పొదిగించే చోట, స్పాన్ ఏ రోజుకు చేతికొస్తుందో ముందు ఖాయం చేసుకుని, దాన్నిబట్టి నీళ్లు పెట్టండి, అటునుంచి లెక్కించండి. నీళ్లు పెట్టిన వారంలోపు వదలగలిగితే మేలు. ముందుగా పుట్టుకొచ్చే రోటిఫర్లు అనే అతిసన్నటి నీటిజీవులు స్పాన్ నోటికి సరిపోతాయి, సైక్లాప్స్ జోరు పెరిగేది ఆ తరువాతే. చాలామంది తలకిందులుగా చేస్తారు. చెరువు నిండా నీళ్లు పెట్టుకుని, పదిహేను రోజులు స్పాన్ కోసం తిరుగుతారు. ఎండగట్టలేని చెరువైతే ఇప్పపిండి (ఇప్పగింజల్లో నూనె తీశాక మిగిలే చెక్క) వేసి పాత చేపల్ని చంపి తీయాల్సి ఉంటుంది, హెక్టారుకు రెండున్నర టన్నుల లెక్కన. దాని విషం రెండు మూడు వారాలు ఉంటుంది. ఆ మూడు వారాలూ పురుగులు వస్తూనే ఉంటాయి, అందుకే అలాంటి చెరువులో సబ్బునూనె తప్పదు.

సబ్బునూనె అంటే పాత పద్ధతే, మన దేశంలో నర్సరీలకు దశాబ్దాలుగా చెబుతున్నదే. కొత్తవాళ్లు దీన్ని నాటువైద్యంలా చూస్తారు, కానీ పురుగు ఊపిరి తీరు తెలిసినవాడు కనిపెట్టిన పద్ధతి ఇది. ఈ పురుగులకు చేపలాగా మొప్పలు లేవు. పెద్ద నీటిపురుగుకు పొట్ట చివర రెండు చిన్న పట్టీల్లాంటివి ఉంటాయి, వాటిని నీటిపైకి చాచి గాలిని లాగి రెక్కల కింద దాచుకుంటుంది. నీటితేలు తన తోకగొట్టంతో, వెల్లకిలా ఈదేది పొట్ట కింది వెంట్రుకలతో, పెంకుపురుగు రెక్కల కిందతో, అందరూ ఎప్పుడో ఒకప్పుడు నీటిపైకి రావాల్సిందే. ఆ వెంట్రుకలు తడవవు కాబట్టే నీరు లోపలికి పోదు. పైన సన్నటి నూనెపొర ఉంటే, సబ్బు ఆ తడవని గుణాన్ని పోగొడుతుంది, నూనె గాలిరంధ్రాలను మూసేస్తుంది. పైకొచ్చిన పురుగు ఊపిరాడక చస్తుంది.

మోతాదు హెక్టారుకు చవకరకం వంటనూనె 56 కిలోలు, మామూలు బట్టల సబ్బు 18 కిలోలు. మీ అర ఎకరానికి నూనె 11 కిలోలు, సబ్బు మూడున్నర కిలోలు. సబ్బును తరిగి వేడినీళ్లలో కరిగించి, నూనెను కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టండి. నూనె, సబ్బు విడివిడిగా తేలుతుంటే ఇంకా కలవలేదని అర్థం. స్పాన్ వదలడానికి 12 నుంచి 24 గంటల ముందు, గాలి లేని ఉదయాన నీటిమీద చల్లండి. గాలి లేని అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. కాస్త పడమటిగాలి వీచినా పొరంతా ఒక గట్టుకు చేరిపోతుంది, మిగతా చెరువులో పురుగులు హాయిగా ఊపిరి పీలుస్తుంటాయి, మీ 11 కిలోల నూనె గట్టుకు పూసినట్టు అవుతుంది. నేను మూడుసార్లు చల్లబోయి వెనక్కి తిరిగిన రోజులున్నాయి. చల్లాక గంటలోపే పురుగులు పైకి తేలడం మొదలవుతుంది, వలతో తీసేయండి. తీయకపోతే కుళ్లి నీళ్లు పాడవుతాయి. నూనె ఖరీదు చూసి కొందరు డీజిలు, సబ్బు కలిపి చల్లుతారు. పనిచేస్తుంది, కానీ ఆ పొర త్వరగా విరగదు, వాసన పోదు. స్పాన్ లేత ప్రాణం, నాకు మనసొప్పదు.

సబ్బునూనెకు లొంగనిది ఒకటుంది, తూనీగ పిల్ల. దానికి పొట్ట చివర లోపల మొప్పలుంటాయి, పైకి రావాల్సిన పని లేదు, కాబట్టి పైన నూనె ఉన్నా అడుగున నవ్వుకుంటూ ఉంటుంది. దానికి మందు ఎండే. పూర్తిగా ఎండగట్టి, నీళ్లు పెట్టి త్వరగా స్పాన్ వదిలితే, తూనీగలు గుడ్లు పెట్టి అవి ఎదిగేలోపు మీ పిల్లలు ఫ్రై అయిపోతాయి.

మీ రెండో ఫొటో మిగిలింది. వీపు నిండా గుడ్లతో గోరంత ఉన్నది ఆ పెద్దదాని పిల్ల కాదు, తల్లి కూడా కాదు. అది తండ్రి. డిప్లోనికస్ అనే చిన్న జాతి, పెద్దయ్యాక కూడా రెండు సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. ఆడది వచ్చి మగవాడి వీపు మీద గుడ్లు అంటించి తన దారిన పోతుంది. అవి పొదిగేదాకా మోసేది, గాలి తగిలేలా నీటి అంచుకు తెచ్చేది, కదిలిస్తూ చూసుకునేది మగవాడే. చాలాకాలం పండితులు కూడా ఇది ఆడదనే అనుకున్నారు. 1899లో అమెరికాలో ఫ్లోరెన్స్ వెల్స్ స్లేటర్ అనే ఆవిడ అక్కడి జాతిని గమనించి మోసేది మగదని తేల్చింది. ఈ జాతి పురుగులు దోమపిల్లల్ని విపరీతంగా తింటాయి, ఆ కారణంగా మన దేశంలో వీటి మీద ప్రయోగాలు చాలానే జరిగాయి. నర్సరీలో దొరికితే తీసేయండి, కానీ చంపకుండా మీ ఇంటి పక్క మురుగుగుంటలోకో కాలువలోకో వదలండి. దోమల బాధ అనుభవించిన కోస్తావాళ్లకు ఆ గుంటలో అది కాపలాకుక్క.

పెద్దదానిలోనూ పెంచేది తండ్రే, పద్ధతి వేరు. ఆడది నీటిపైన నిలిచిన తుంగకాడకో కర్రకో వందకు పైగా గుడ్లు వరుసగా పెడుతుంది. మగది కింద నీళ్లలో ఉండి, మాటిమాటికీ పైకెక్కి ఒంటి తడితో గుడ్లను తడుపుతుంది. లేకపోతే ఎండిపోతాయి. జపాను జాతిలో ఇంకో వింత చూశారు. వేరే ఆడది వచ్చి ఆ గుడ్లన్నీ పొడిచి పాడుచేసి, ఖాళీ అయిన మగవాడితో జతకట్టి, తన గుడ్లు అప్పగిస్తుందట. మీరు గట్టువారన కర్రలు, కంచె గుంజలు పాతారు కదా, నీటికి జానెడు పైన గోధుమరంగు గింజలు అంటించినట్టు గుత్తి కనిపిస్తే అదే. నర్సరీలో అయితే గీకేయండి. మందు లేకుండా వందకు పైగా పోయినట్టు.

ఈ పురుగును మణిపూర్‌లో, థాయ్‌లాండ్‌లో సంతల్లో అమ్ముతారని, థాయ్ పచ్చళ్లలో దంచి వేస్తారని, మగదాని వాసన కోసం దానికి ధర ఎక్కువని వింటే మా పనివాళ్లు నమ్మరు. మన కండరాలు ఎలా ముడుచుకుంటాయో తెలుసుకోవడానికి కూడా ఈ లెథోసెరస్ పురుగుల రెక్కకండరాలు పనికొచ్చాయి, 1965లో అలాంటి ముఖ్యమైన పరిశోధన ఒకటి వచ్చింది. కానీ అది మీకు ఇప్పుడు అక్కర్లేదు, నాకు చెప్పాలనిపించి చెప్పాను.

రేపు ఉదయం పళ్లెం పని చేసి, పైనుంచి ఒక ఫొటో తీసి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, పురుగుల పరిమాణం తెలుస్తుంది. చెరువు లోతెంత, నీళ్లు పెట్టి ఎన్నాళ్లయింది, స్పాన్ ఏ వేళకు వదిలారు, ఈ మూడూ రాయండి. వెల్లకిలా ఈదేవి పళ్లెంలో పది లోపే ఉంటే చేతివలలతోనే నెట్టుకురావచ్చు. వందలుంటే ఈ పంటలో పోయింది పోగా మిగిలినదాన్ని త్వరగా వేరే శుభ్రమైన చెరువులోకి మార్చడం మీద ఆలోచిద్దాం. పళ్లెం పట్టుకోవడానికి మీ అబ్బాయినే తీసుకెళ్లండి, వాడికి వాటి మీద ఇప్పటికే ఆసక్తి పుట్టి ఉంటుంది. కాళ్లకు బూట్లు మాత్రం వేయండి.